ఏడున్నర వేల సీ వ్యూ, తడిసిన గోడలు: విశాఖ–భీమిలి తీరంలో ఒక హోటల్ కేస్ స్టడీ

హోటల్ పేరు చెప్పను. గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు కూడా కొన్ని మార్చాను. విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్లే బీచ్ రోడ్డు మీద ఉన్న నాలుగంతస్తుల హోటల్ అనుకుంటే చాలు. 2014 హుద్‌హుద్ తుఫానుకి ముందే కట్టారు. సగం గదులు సముద్రం వైపు, సగం కొండ వైపు. హోటల్ బిల్డింగులకు మెయింటెనెన్స్ ఆడిట్ చెయ్యడం నా వృత్తి. గదులు ఎందుకు పాడవుతున్నాయి, ఏది ముందు బాగుచెయ్యాలి, ఆ పని ఎవరి మీద పెట్టాలి అన్నది తేల్చి ఓనరు చేతికి రిపోర్టు ఇస్తాను.

ఈ ఓనరు నన్ను పిలిచింది బిల్డింగు గురించి కాదు. ఆయన లెక్కలో సమస్య స్టాఫ్. "మర్యాదగా మాట్లాడటం రావట్లేదండీ వీళ్లకి. రివ్యూల్లో అంతా బిహేవియర్ బాలేదనే రాస్తున్నారు. ముందు వీళ్లకి ట్రైనింగ్ ఎలా ఇవ్వాలో చెప్పండి" అన్నారు. బుకింగ్ సైట్లలో రేటింగ్ పడిపోతోంది. రాత్రి పదకొండింటికి గది ఖాళీ చేసి వెళ్లిపోయే వాళ్లు, డబ్బు వెనక్కి అడిగే వాళ్లు ఎక్కువయ్యారు. మామూలు రోజుల్లో గదులు ఖాళీ. శని ఆదివారాల్లోనూ, దసరా సెలవుల్లో కోల్‌కతా నుంచి టూరిస్టులు దిగినప్పుడూ, అరకు సీజన్లోనూ మాత్రం నిండుతాయి. అప్పుడు సముద్రం వైపు గది 7,499 రూపాయలు. ఆ అంకె వెనక కారణం ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకి 7,500 దాకా ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం, దాటితే 18 శాతం. ఆ గీత కింద ఎంత వీలైతే అంత వసూలు చేస్తున్నారన్నమాట.

ముందు కాగితాలు

గదుల్లోకి వెళ్లే ముందు నేను కాగితాలు అడుగుతాను. ఇక్కడ కూడా రిసెప్షన్‌లోని కంప్లైంట్ రిజిస్టరు, మెయింటెనెన్స్ లాగ్ బుక్, ఏసీ కాంట్రాక్టరు బిల్లులు, బిల్లులో తగ్గింపు ఇచ్చిన వోచర్లు, సైట్లలోని రివ్యూలు అన్నీ ముందు పెట్టుకుని గది నంబరు వారీగా, నెల వారీగా సర్దాను. ఈ పని విసుగ్గా ఉంటుంది కానీ అసలు సంగతి ఇక్కడే బయటపడుతుంది.

స్టాఫ్ మీద వచ్చిన రివ్యూల తేదీల్ని రిజిస్టరుతో కలిపి చూస్తే, దాదాపు ప్రతి ఒక్కరూ అంతకు ముందే ఇంకేదో ఫిర్యాదు చేసిన వాళ్లే. ఏసీ చల్లగా రావట్లేదని రాత్రి తొమ్మిదిన్నరకి ఫోన్ చేశారు. పదింటికి మళ్లీ చేశారు. పదిన్నరకి కిందకి దిగొచ్చారు. అక్కడ కూర్చున్న కుర్రాడి దగ్గర ఇవ్వడానికి వేరే గది లేదు, డబ్బు వెనక్కిచ్చే అధికారం లేదు, ఏసీ మెకానిక్ పొద్దున గానీ రాడు. ఆ కుర్రాడు ఇంక ఏం మాట్లాడినా అవతలి వాళ్లకి నిర్లక్ష్యంలాగే వినిపిస్తుంది. ఇంటికెళ్లాక వాళ్లు రాసేది ఆ చివరి మాట గురించే. ఓనరు చదివేదీ అదే. మొదటి ఫోన్ కాల్ మాత్రం రిజిస్టరులోనే ఉండిపోతుంది.

వాసన గురించిన ఫిర్యాదులు ఇంకో దారి చూపించాయి. అవి జూలై నుంచి నవంబరు దాకా ఎక్కువ. వారంలో చూస్తే గురు, శుక్రవారాల్లో దిగిన వాళ్ల నుంచి ఎక్కువ. అంటే నాలుగైదు రోజులు మూసి ఉన్న గదిని తెరిచి ఇచ్చినప్పుడన్నమాట. నీళ్ల ఫిర్యాదులు మాత్రం అన్ని గదుల్లో, అన్ని నెలల్లో ఒకేలా ఉన్నాయి. మూడు రకాల ఫిర్యాదులు మూడు వేర్వేరు కారణాల వైపు చూపిస్తున్నాయి. ఒక్కటీ మర్యాద పాఠాలతో తీరేది కాదు.

లాగ్ బుక్‌లో ఒక లైను నన్ను ఆపేసింది. మూడో అంతస్తు మూల గది గురించి "బాల్కనీ డోర్ పూర్తిగా పడటం లేదు, రోలర్ మార్చాలి" అని ఎలక్ట్రీషియన్ రాశాడు. పేజీలు తిప్పుతుంటే అదే గది, అదే లైను, అదే చేతిరాత మళ్లీ మళ్లీ కనిపించింది. పక్కన సంతకం ఉండాల్సిన గడి ఎక్కడా నిండలేదు.

మూల గది

అందుకే మొదట ఆ గదికే వెళ్లాను. తలుపు తియ్యగానే ముక్కిపోయిన వాసన. సముద్రం మాత్రం ఎదురుగా అద్భుతంగా ఉంది. అద్దాల తలుపు అవతల నీలం తప్ప ఇంకేం కనపడదు. దిగిన వాళ్లు ముందు చేసే పని ఆ తలుపు తెరవడం, ఫొటో తీసుకోవడం. తర్వాత మూద్దామంటే అది పూర్తిగా పడదు. కింద ట్రాక్‌లో ఇసుకా ఉప్పూ కలిసి రాయిలా గట్టిపడ్డాయి. స్క్రూడ్రైవరుతో గీరితే పెళ్లలుగా లేచాయి. రోలర్లు తుప్పుతో బిగుసుకుపోయాయి. ఎంత లాగినా రెండు వేళ్లు పట్టేంత సందు మిగులుతోంది.

ఆ గదిలో జరిగే నష్టమంతా ఆ సందు దగ్గరే మొదలవుతోంది. బయట 30 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉందనుకుందాం. విశాఖలో అది మామూలు రోజే. ఆ గాలి సుమారు 25 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న దేన్ని తాకినా దాని మీద నీరు పడుతుంది. లోపల ఏసీ 24లో పెట్టినా సరే, గోడా అద్దమూ మంచం వెనక చెక్కా చెమర్చడం ఖాయం. గెస్టు చల్లగా లేదని 18కి తగ్గిస్తాడు. చెమ్మ ఇంకా పెరుగుతుంది. కర్టెన్ పక్కకి జరిపి చూస్తే గోడ కింది భాగమంతా నల్లగా బూజు పట్టి ఉంది. మంచం తల వైపు చెక్కని గోడ నుంచి జరిపించాను. వెనక ప్లైవుడ్ ఉబ్బి పొరలు పొరలుగా విడిపోయింది. వాసనకి మూలం అదే. దాని మీద రోజూ రూమ్ ఫ్రెషనర్ కొడుతున్నారు.

రంగుల సంగతి కూడా చెప్పాలి. ప్రతి ఏడాదీ దసరాకి ముందు గదులకి రంగు వేయిస్తారట. సంక్రాంతికల్లా పొక్కులు లేస్తాయట. రంగు వేసేవాడు మోసం చేస్తున్నాడని ఓనరు అనుమానం. అసలు దోషం గోడలో ఇంకిన ఉప్పుది. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు దానంతటదే గాలిలోని నీటిని పీల్చుకుని కరుగుతుంది. తగ్గితే మళ్లీ గట్టిపడుతుంది. ఏడాదిలో చాలా భాగం ఇక్కడి తేమ ఆ గీతకి అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. ఉప్పు కరిగి గట్టిపడిన ప్రతిసారీ ప్లాస్టరుని లోపల్నుంచి నెడుతుంది. అలాంటి గోడ మీద ఎంత ఖరీదైన రంగు వేసినా నిలవదు. పాడైన ప్లాస్టరు చెక్కేసి కొత్తగా చెయ్యాలి. అంతకన్నా ముందు ఆ తలుపు పూర్తిగా మూసుకోవాలి.

ఏసీ అవుట్‌డోర్ యూనిట్లన్నీ సముద్రం వైపు బాల్కనీల్లోనే, ఉప్పుగాలికి ఎదురుగా పెట్టారు. ఒకదాని వెనక రేకుల మీద వేలితో రాస్తే అల్యూమినియం తెల్లటి పొడిగా రాలింది. రాగి పైపూ అల్యూమినియం రేకూ తగులుకుని ఉన్నచోట ఉప్పు తేమ చేరితే అల్యూమినియం త్వరగా తినేసుకుపోతుంది. రేకులు పోతే వేడి బయటికి పోదు, గది చల్లబడదు. లోపలి పైపులు, జాయింట్లు దెబ్బతింటే గ్యాస్ లీకవుతుంది. కాంట్రాక్టరు బిల్లులు చూస్తే అవే గదులకి గ్యాస్ నింపిన ఖర్చు పదే పదే ఉంది. సీలు వేసిన ఏసీలో గ్యాస్ వాడకానికి తరిగిపోదు. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. లీకు వెతక్కుండా గ్యాస్ నింపి బిల్లు రాయడం, ఆ బిల్లు పాస్ చెయ్యడం రెండూ తప్పే.

బాత్‌రూముల్లో వేరే వాసన, డ్రైనేజీది. దీనికి కారణం చాలా చిన్నది, ఖర్చు కూడా లేనిది. నేల మీది నహాని ట్రాప్‌లో ఎప్పుడూ కొంచెం నీరు నిలిచి ఉండాలి. పైపులోని గాలి పైకి రాకుండా అడ్డుకునేది ఆ నీరే. గది వాడకుండా వదిలేస్తే ఆ నీరు ఆరిపోతుంది. తర్వాత వాసనా బొద్దింకలూ నేరుగా పైకొస్తాయి. ఖాళీ గదుల్లో రెండు రోజులకోసారి మగ్గు నీళ్లు పోస్తే సరిపోతుంది. ఆ పని ఎవరి డ్యూటీ చార్టులోనూ లేదు. హౌస్‌కీపింగ్‌లో చాలా ఏళ్లుగా పనిచేస్తున్న ఒకావిడకి ఈ సంగతి ముందే తెలుసు. తన వంతు గదుల్లో ఎవరూ చెప్పకపోయినా పోస్తోంది. ఆమె చూసే గదుల నుంచి ఆ ఫిర్యాదు రాలేదని రిజిస్టరే చెబుతోంది.

బాల్కనీ

వాసన, చెమ్మ, చల్లబడని ఏసీ ఇవన్నీ డబ్బు పోగొట్టే విషయాలు. బాల్కనీ అలా కాదు, అక్కడ ప్రాణాలకి ముప్పుంది.

రెయిలింగులు మామూలు ఇనుప పైపువి. పైన తెల్లరంగు మెరుస్తోంది. కాళ్లు టైల్సులోకి దిగినచోట వంగి చూస్తే రంగు కింద తుప్పు ఉబ్బి ఉంది. చేత్తో ఊపితే మూల గది రెయిలింగు కదిలింది. ఆ అంతస్తులో అలాంటివి ఇంకా ఉన్నాయి. పిల్లలు ఎక్కి చూసేది దాని మీదే, పెద్దలు ఆనుకుని ఫొటో దిగేదీ దాని మీదే. ఆ రోజే ఆ గదులకి తాళం వేయించమన్నాను. శనివారం ఫుల్ బుకింగ్ ఉందని మేనేజరు నసిగారు. నా రిపోర్టు మొదటి పేజీలో ఈ ఒక్క విషయం రాసి సంతకం చేసి, ఆయనతోనూ సంతకం పెట్టించాను. సాయంత్రానికి తాళాలు పడ్డాయి.

బాల్కనీ స్లాబుల అడుగున కాంక్రీటు పెచ్చులూడి ఇనుప ఊచలు బయటపడ్డాయి. మంచి కాంక్రీటు లోపలి ఇనుముని తుప్పు నుంచి కాపాడుతుంది. ఉప్పు లోపలికి చేరితే ఆ రక్షణ పోతుంది. తుప్పు పట్టిన ఇనుము అసలు కన్నా రెండింతల నుంచి ఆరింతల దాకా చోటు తీసుకుంటుంది. లోపల్నుంచి నెట్టి కాంక్రీటుని పగలగొట్టేది అదే. మన దేశపు కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456:2000 తీరప్రాంతపు గాలికి తెరుచుకుని ఉన్న కాంక్రీటుకి కనీసం ఎం30 గ్రేడు బలం, ఊచల మీద 45 మిల్లీమీటర్ల కాంక్రీటు మందం అడుగుతుంది. సముద్రపు తుంపర్లు నేరుగా పడేచోట ఎం35, 50 మిల్లీమీటర్లు. ఇక్కడ పెచ్చు ఊడినచోట కొలిస్తే అందులో సగం కూడా లేదు. ఊళ్లో ఇంటికి కట్టినట్టే సముద్రం ఒడ్డునా కట్టేశారు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గరే తీరం దాటింది. ఆ గాలికి ఈ హోటల్ అద్దాలన్నీ పగిలాయి, ఉప్పునీరు గదుల్లోకి కొట్టింది. అద్దాలు మార్చారు, రంగులు వేశారు, తెరిచేశారు. ఉప్పునీరు తాగిన స్లాబుల్ని స్ట్రక్చరల్ ఇంజనీరుకి చూపించలేదు. తుఫాను తర్వాత ఆ ఒక్క పరీక్ష చేయించి ఉంటే మరమ్మతు చిన్నదిగా తేలిపోయేదని నా నమ్మకం.

నీళ్లు

ఇది త్వరగా చెప్పేస్తాను. బోరు నీళ్లు. తీరంలో బోరుని ఎక్కువ తోడేకొద్దీ సముద్రపు నీరు లోపలికి జరుగుతుంది. తాగే నీటికి ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం టీడీఎస్, అంటే నీటిలో కరిగి ఉన్న లవణాల మొత్తం, లీటరుకి 500 మిల్లీగ్రాములు ఉండొచ్చు, వేరే నీరు దొరక్కపోతే 2,000 దాకా ఒప్పుకుంటారు. ఈ బోరు నీరు ఆ రెండో హద్దు కూడా దాటింది. అందుకే సబ్బు నురగ రాదు, షవర్ రంధ్రాలు పూడిపోతాయి, గీజరు ఎలిమెంట్లు కాలిపోతాయి, తువ్వాళ్లు గరుకెక్కి మాసినట్టు కనిపిస్తాయి. మురికి తువ్వాలు ఇచ్చారని తిట్టిన రివ్యూల్లో కొన్ని నిజానికి ఉతికిన తువ్వాళ్ల గురించే. లాండ్రీ కుర్రాడి తప్పు అందులో లేదు. సాఫ్ట్‌నర్ పెట్టేశాం కదా అన్నారు మేనేజరు. సాఫ్ట్‌నర్ నీటి కాఠిన్యం తగ్గిస్తుందే గానీ ఉప్పుని తీసెయ్యదు.

డబ్బు ఎటు పోయింది

ఆదాయం లేక గదులు పాడయ్యాయా అంటే, కాదు. లాబీలో కొత్త గ్రానైటు, పెద్ద షాండ్లియర్, బయట వెలిగే బోర్డు ఈమధ్యే వచ్చాయి. గదుల మీద మాత్రం రంగు తప్ప ఏ ఖర్చూ కనిపించలేదు. హోటల్ వ్యాపారంలో ఆదాయంలో ఇంత శాతం, సాధారణంగా 3 నుంచి 5, ఫర్నిచరూ సామగ్రీ మార్చడానికి పక్కన పెట్టడం మామూలు పద్ధతి. సముద్రం ఒడ్డున అది కూడా చాలదంటాను నేను. ఇక్కడ అసలు అలాంటి ఖాతానే లేదు. మేనేజరు సొంతంగా ఖర్చు పెట్టగల డబ్బు ఒక రోలర్ సెట్టుకి కూడా చాలదు. ప్రతి కాగితం హైదరాబాద్‌లో ఓనరు ఆఫీసుకి వెళ్లాలి.

ఎలక్ట్రీషియన్ని అడిగాను, ఆ లైను అన్నిసార్లు ఎందుకు రాశావని. "రాస్తానే ఉన్నాం బాబూ. రాయకపోతే రేపు మాదే తప్పంటారు. మా సేతిలో ఉన్నది రాయడమే కదా" అన్నాడు. తలుపుని ట్రాక్‌లో కూర్చోబెట్టి సబ్బు రాసి ఎలాగోలా నడిపిస్తున్నది ఆయనే. రివ్యూల్లో తిట్లు పడుతున్నదీ ఇలాంటి వాళ్లకే. అది నాకు బాధగా ఉంది, రిపోర్టులో కూడా అలాగే రాశాను.

రేటు ఎలా పెట్టారో అడిగితే, పక్క హోటళ్ల రేటు చూసి అన్నారు. గది స్థితి ఆ లెక్కలో లేదు. సముద్రం కనిపిస్తే చాలు, మూల గదికీ బాగున్న గదికీ ఒకటే ధర. పైగా బాగాలేని గదులు ఎవరికి ఇవ్వాలో ఫ్రంట్ ఆఫీసులో ఒక అలవాటు పడిపోయింది. ఒక్క రాత్రికి వచ్చేవాళ్లకి, ఆన్‌లైన్‌లో ముందే డబ్బు కట్టేసిన వాళ్లకి, మళ్లీ రారనిపించే దూరప్రాంతాల వాళ్లకి అవి వెళ్తాయి. ఎవరూ కాగితం మీద పెట్టిన రూలు కాదు. కానీ గది నంబర్లూ అడ్రసులూ పక్కపక్కన పెడితే స్పష్టంగా కనిపించింది. ఈ కేసులో నాకు కోపం వచ్చిన చోటు ఇదే. ఏడాదికోసారి కుటుంబంతో సముద్రం చూద్దామని వచ్చినవాళ్లకి, పాడైందని తెలిసిన గదిని పూర్తి ధరకి అమ్మడం మెయింటెనెన్స్ లోపం కిందకి రాదు.

ఓనరుతో

రిపోర్టు ఇచ్చిన రోజు ఆయన మొదటి మాట, "సముద్రం పక్కన ఇవన్నీ మామూలే కదండీ."

"ఉప్పుగాలి మామూలేనండీ. దానికి తగ్గ పని మీరు చేయించకపోవడం మామూలు కాదు. సముద్రం పేరు చెప్పి కొండ వైపు గది కన్నా ఎక్కువ తీసుకుంటున్నారు. ఆ ఎక్కువలో కొంతైనా ఉప్పు మీద ఖర్చు పెట్టాలి" అన్నాను.

సైట్లలో పెట్టిన ఫొటోలు హోటల్ తెరిచిన కొత్తలోవి. త్రీ స్టార్ అని తమకు తామే రాసుకున్నారు. కేంద్ర పర్యాటక శాఖ తనిఖీ చేసి ఇచ్చే వర్గీకరణ ఐదేళ్లకోసారి మళ్లీ తీసుకోవాలి. వీళ్లు దానికి దరఖాస్తే చెయ్యలేదు. కోల్‌కతా వాళ్లు విశాఖ కోర్టుల చుట్టూ తిరుగుతారా అని ఆయన ధీమా. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వాళ్లు తిరగక్కర్లేదని చెప్పాను. ఫిర్యాదుదారు తన సొంత ఊళ్లోని జిల్లా కమిషన్లోనే కేసు వెయ్యొచ్చు, రెండేళ్ల లోపు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. ఆన్‌లైన్‌లోనే దాఖలు చెయ్యొచ్చు. తప్పుదారి పట్టించే ప్రకటన, సేవలో లోపం రెండూ ఆ చట్టంలో ఉన్నాయి. అంటే తిరగాల్సి వచ్చేది హోటలే. అప్పటిదాకా కుర్చీలో వెనక్కి వాలి ఉన్న మనిషి ముందుకొచ్చి రిపోర్టు మొదటి పేజీ మళ్లీ తిప్పారు.

అప్పుడు ఆయన అడిగింది మంచి ప్రశ్న. "అన్నీ ఒకేసారి చెయ్యలేను. ఏది ముందు?"

చేసిన పనులు

మొదట అమ్మకం ఆపాం. రెయిలింగు కదులుతున్న గదులు, స్లాబు పెచ్చులూడిన గదులు బుకింగ్ సిస్టంలోంచే తీసేశాం. ఖాళీగా కనిపిస్తే సీజన్లో ఎవరో ఒకరు ఇచ్చేస్తారు, అందుకని. మిగిలిన సీ వ్యూ గదుల్లో పని పూర్తి కానివాటికి రేటు తగ్గించి, ఫొటోలు కొత్తగా తీసి పెట్టాం. ఈ రెండింటికీ ఓనరు చాలా ఇబ్బంది పడ్డారు. దసరా రద్దీలో ఒక అంతస్తంతా మూసి ఉంచడం తేలిక కాదు. మాట నిలబెట్టుకున్నారు, అది చెప్పి తీరాలి.

తర్వాత తలుపులు. ట్రాకులు గీరి, మంచినీళ్లతో కడిగి, తుప్పు పట్టని రోలర్లు వేశాం. కొత్త స్క్రూలూ హ్యాండిళ్లూ 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలువి. బజారులో మామూలుగా దొరికే 304 ఉప్పుగాలికి గోధుమరంగు మచ్చలు పడుతుంది. 316లో మాలిబ్డినమ్ అనే లోహం కలుస్తుంది కాబట్టి అది ఉప్పుని బాగా తట్టుకుంటుంది. ధర ఎక్కువే, కానీ మళ్లీ మళ్లీ మార్చే కూలీ కన్నా తక్కువ. ఏసీ యూనిట్లలో కొన్నింటిని బాల్కనీ నుంచి బిల్డింగు పక్క గోడకి మార్చాం. మార్చలేనివాటికి పూత వేసిన కాయిల్స్ ఉన్న యూనిట్లు తెచ్చాం. అన్నింటికీ వారానికోసారి మంచినీళ్లతో కడిగే పని డ్యూటీ చార్టులో ఎక్కింది. గ్యాస్ నింపాలంటే ముందు లీకు ఎక్కడో రాసివ్వాలని కాంట్రాక్టరుతో కొత్త ఒప్పందం చేయించాం. ఆయన ఒప్పుకోలేదు. వేరే ఆయన్ని చూసుకున్నారు.

మంచం వెనక చెక్కలన్నీ తీసేశాం. గోడకీ ఫర్నిచరుకీ మధ్య గాలి ఆడేంత ఎడం వదిలాం. ఖాళీ గదులు వంతులవారీగా తెరిచి, ఏసీ డ్రై మోడ్‌లో కాసేపు నడిపి, ట్రాపుల్లో నీళ్లు పోసి మూస్తున్నారు. ఈ పద్ధతిని మిగతా వాళ్లకి నేర్పించింది నేను చెప్పిన ఆ హౌస్‌కీపింగ్ ఆవిడే. ఆమెని సూపర్‌వైజరుగా చెయ్యమని రిపోర్టులో రాశాను, చేశారు.

ఫ్రంట్ ఆఫీసుకి ఇచ్చిన అధికారం నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన మార్పు. ఫిర్యాదు వచ్చిన అరగంటలో బాగుచెయ్యలేకపోతే వేరే గది. వేరే గది లేకపోతే ఆ రాత్రి డబ్బు పూర్తిగా వెనక్కి, ఎవరినీ అడక్కుండా. కుర్రాళ్లు దీన్ని ఇష్టమొచ్చినట్టు వాడేస్తారని ఓనరుకి టెన్షన్. వోచర్లన్నీ నెలాఖరున గది నంబరు వారీగా నాకు పంపమన్నాను. ఏ గదికి డబ్బు ఎక్కువ వెనక్కి వెళ్తోందో దానికే ముందు రిపేరు. అలా ఆ వోచర్లే మెయింటెనెన్స్ ప్లాను అయ్యాయి. మేనేజరుకి నెలకి కొంత సొమ్ము సొంతంగా ఖర్చు పెట్టే వీలిచ్చారు. లాగ్ బుక్‌లో ఇప్పుడు సంతకం గడి నిండుతోంది.

ఇలాంటి హోటళ్లలో దిగే వాళ్లకి కూడా నాలుగు ముక్కలు. గదిలోకి వెళ్లగానే సామాను విప్పకముందే బాల్కనీ తలుపు పూర్తిగా మూసుకుంటుందో లేదో చూడండి. రెయిలింగు కాళ్ల దగ్గర తుప్పు కనిపిస్తే ఆనుకోవద్దు, పిల్లల్ని అసలు వదలొద్దు. బాగాలేకపోతే అప్పుడే ఫొటో తీసి, మెసేజ్ రూపంలో హోటల్‌కీ బుకింగ్ సైటుకీ పంపండి. నోటితో చెప్పిన మాటకి తర్వాత ఆధారం ఉండదు. బిల్లు దాచుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. కుర్రాడి మీద అరిచి వచ్చేసే కన్నా ఇది పనిచేస్తుంది.

మిగిలినవి

పని పూర్తయిన గదుల నుంచి వాసన ఫిర్యాదులు ఆగాయి. ఏసీ ఫిర్యాదులు బాగా తగ్గాయి, పూర్తిగా పోలేదు. స్టాఫ్ మర్యాద గురించిన రివ్యూలు, ఏ ట్రైనింగూ ఇవ్వకుండానే, వాటితో పాటే తగ్గాయి. సైట్లలో పాత రేటింగ్ మాత్రం ఇంకా కిందకి లాగుతోంది. దానికి దొడ్డిదారిన రివ్యూలు రాయించే మనుషులున్నారని ఎవరో ఓనరుకి చెప్పారట. ఆ పని చేస్తే నేను తప్పుకుంటానని చెప్పాను.

నీళ్ల సమస్య సగమే తీరింది. స్నానాలకీ లాండ్రీకీ ట్యాంకరు నీళ్లు కలుపుతున్నారు. వేసవిలో అది ఎంతవరకు కుదురుతుందో చూడాలి. బోరు తోడటాన్ని తగ్గించమన్నాను.

మూడో అంతస్తు బాల్కనీల పని నడుస్తోంది. వదులైన కాంక్రీటు కొట్టేసి, ఊచల తుప్పు వదిలించి, మరీ సన్నబడిన చోట కొత్త ఊచలు కట్టి, పాలిమర్ మోర్టారుతో నింపుతున్నారు. స్ట్రక్చరల్ ఇంజనీరు ఒక బాల్కనీని పూర్తిగా కొట్టేసి మళ్లీ పొయ్యాల్సిందేనన్నారు. ఈలోగా టెర్రస్ మీద రెస్టారెంటు పెడదామని ఓనరు ప్లాన్లు గీయించారు. ఆ డబ్బు ముందు కింది అంతస్తులకి పోవాలన్నది నా అభిప్రాయం, ఈ విషయంలో మా ఇద్దరికీ ఇంకా కుదరలేదు. ఒక్క దానికి మాత్రం రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. ఇంజనీరు సంతకం చేసిన రిపోర్టు చేతికొచ్చేదాకా మూడో అంతస్తు గదులు బుకింగ్‌లో కనిపించవు.